ఆవు గోడను ఎందుకు నాకుతుంది?



చాలా ఏళ్ళ క్రిందటి మాట. విశాఖపట్నం శివారున మా బడికి సున్నం వేసిన గోడ ఒకటి ఉండేది. కొండవాలున మేసి వచ్చే ఆవు ఒకటి రోజూ ఆ గోడను నాకేది. పిల్లలు రాళ్ళు విసిరేవారు. నేనూ బెత్తంతో అదిలించేవాణ్ణి. ఒకనాడది ఎండిన ఎముకను నమలటం చూసి, పశువుల డాక్టరుగారికి చెప్పాను.

"మాస్టారూ, అది అల్లరి కాదు, లోటు. అడగటానికి నోరు లేక గోడను అడుగుతున్నది," అన్నారాయన.

నాకు సిగ్గు వేసింది.

ఆ లోటు ఏమిటో తెలుసా? గడ్డిలో ఉప్పు చాలదు. పైగా లీటరు పాలతో సుమారు 1.2 గ్రాముల కాల్షియం, ఒక గ్రాము దాకా భాస్వరం ఆవు ఒంటినుంచి పోతాయి. రోజుకు 8 లీటర్లు ఇచ్చే ఆవు ఎంత కాల్షియం పోగొట్టుకుంటుందో లెక్క కట్టండి!

భాస్వరం చాలని పశువులు ఎముకలు నములుతాయి. కుళ్ళిన ఎముకల్లోని విషం వల్ల దక్షిణాఫ్రికాలో పశువులు మందలుగా చచ్చిపోయేవి. 1920 ప్రాంతంలో ఆర్నల్డ్ థైలర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి కనిపెట్టాడు.

ఇంట్లో కట్టిన ఆవుకు ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలిపి పెట్టవచ్చు. బయట మేసే మందకు తొట్టి కావాలి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు గదా అని ఇనుపతొట్టి చేయించకండి! ఉప్పు ఇనుమును తినేస్తుంది. సముద్రపు గాలి దానికి తోడు. చెక్కపెట్టె గాని, సిమెంటు తొట్టి గాని మేలు.

పేడ పడకుండా తొట్టిని ఆవు మోకాలికి పైన నిలపాలి. మీద వాలుగా కప్పు వేసి, వానజల్లు కొట్టే ప్రక్క మూసివేయాలి. అడుగున సన్నని రంధ్రాలు ఉండాలి. లేకపోతే వాననీరు నిలిచి, ఆ చిక్కని ఉప్పునీరు త్రాగిన పశువుకు ప్రాణం మీదికి వస్తుంది. దగ్గరలో మంచినీళ్ళు ఉండి తీరాలి.

ఇంకొక చిత్రం. తనకు ఉప్పు కావాలని ఆవుకు తెలుస్తుంది. రాగి, జింకు సంగతి తెలియదు. అందుకే వాటిని ఉప్పుతో కలిపి పెడతారు. కాని గొర్రెలను ఆ తొట్టి దగ్గరికి రానివ్వకండి. ఆవుకు మేలుచేసే రాగి గొర్రెకు విషం కాగలదు.

డాక్టరుగారు చెప్పిన కొలతతో, మా బడి పిల్లలూ ఆవు యజమానీ కలిసి చెక్కతొట్టి కట్టారు. ఆవు తొట్టిని మరిగింది. అయినా అప్పుడప్పుడు పాత అలవాటుకొద్దీ గోడ దగ్గరికి వచ్చేది. కాని ఆ తరువాత ఎవరూ రాయి విసరలేదు. నా బెత్తమూ లేవలేదు.

మీ వీధిలో ఆవు గోడ నాకుతుంటే, తోలేముందు దాని యజమానికి ఈ సంగతి చెప్పండి.

లెక్క కట్టారా? 9.6 గ్రాములు!