స్టీరింగు మనదైతే సెట్టింగూ మనదే!

కారు నడిపే ఆడవాళ్ళ సంఖ్య పెరిగిందని మనం మురిసిపోతున్నాం. నిజమే, పెరిగింది. పెద్ద ఊళ్ళలోనే కాదు, మాలాంటి చిన్న ఊళ్ళలో కూడా పిల్లల్ని బడి దగ్గర దింపేదీ, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ, కూరలు తెచ్చేదీ మనమే. మరి ఆ కారు టైర్లో గాలి ఎంతుండాలో మనలో ఎంతమందికి తెలుసు? అది మాత్రం "మా వారు చూసుకుంటారు" ఖాతాలోకి పోతుంది! షెడ్డు కుర్రాడు కూడా అంతే. తాళాలు మన చేతిలోంచే తీసుకుంటాడు, రిపేరు సంగతి చెప్పడానికి మాత్రం "సార్‌కి ఫోన్ చేయండి మేడమ్" అంటాడు.

నడిపేది ఒకరు, దాని మంచిచెడ్డలు నిర్ణయించేది ఇంకొకరు. ఇదేం న్యాయం?

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఒక ఆట. దాని పేరు ఆటోక్రాస్. అమెరికాలో టెక్సాస్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు రెండేళ్ళుగా ఈ ఆట ఆడుతోంది. రేసు కారుతో కాదండోయ్! రోజూ ఆఫీసుకు వెళ్ళే హోండా సివిక్‌తోనే.

ఆట సంగతి చెబుతాను. పెద్ద పార్కింగు స్థలంలోనో, వాడకంలో లేని విమానాల రన్‌వే మీదో రబ్బరు కోన్లు పెట్టి మలుపులు మలుపులుగా దారి గీస్తారు. ఒక్కోసారి ఒక్కో కారునే వదులుతారు. పక్కన ఇంకో బండి ఉండదు, గుద్దుకునే భయం ఉండదు. పోటీ గడియారంతోనే. మొత్తం ఒక నిమిషం అటూ ఇటూ. ఆ నిమిషంలో వేగం కూడా వాళ్ళ హైవేల మీద మామూలుగా వెళ్ళే వేగాన్ని దాటడం అరుదు. కోను పడగొడితే రెండు సెకన్లు జరిమానా. దారి తప్పితే ఆ రౌండు లెక్కలోకి రాదు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అనే సంఘం దేశమంతటా ఈ పోటీలు నడుపుతోంది. ఎవరి వంతు అయ్యాక వాళ్ళు ఎండలో నిలబడి ఇతరులు పడగొట్టిన కోన్లు ఎత్తి పెట్టాలి. డాక్టరైనా, ఇంజనీరైనా ఇందులో మినహాయింపు లేదు. ఈ నియమం నాకు భలే నచ్చింది.

"రోజూ తిరిగే బండిని రేసుకు ఎలా తయారుచేస్తావే?" అని అడిగాను. పెద్ద ఇంజను, వెడల్పు టైర్లు, చెవులు చిల్లులు పడే సైలెన్సరు అంటుందనుకున్నా. ఆమె చెప్పిన జాబితా వింటే మనింటి పనిలాగే ఉంది!

సర్దడమే మొదటి పని

మొదట బండి ఖాళీ చేయాలి. నీళ్ళ సీసాలు, గొడుగు, పిల్లల బొమ్మలు, కాళ్ళ కింద పరిచే మ్యాట్లు, అన్నీ బయటికి. మలుపులో ఒక సీసా దొర్లి బ్రేకు పెడలు కిందికి పోతే చాలు, కొంప మునుగుతుంది. తర్వాత క్లబ్బువాళ్ళు తనిఖీ చేస్తారు. బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా, చక్రాల నట్లన్నీ గట్టిగా ఉన్నాయా, బ్రేకు పెడలు తొక్కితే గట్టిగా ఆగుతోందా, లోపలికి దిగబడుతోందా, నూనె ఎక్కడైనా కారుతోందా అని చూస్తారు. హెల్మెట్ తప్పనిసరి. ఎత్తు ఎక్కువా వెడల్పు తక్కువా ఉండి, తిరగబడే ప్రమాదమున్న బళ్ళను అసలు రానివ్వరు.

ఇందులో ఏ ఒక్కటైనా మన రోజువారీ బండికి అక్కర్లేనిదుందా, చెప్పండి?

రెండోది కూర్చోవడం. మనలో చాలామంది స్టీరింగుకు అతుక్కుపోయినట్టు కూర్చుంటారు. కాస్త పొట్టిగా ఉన్నవాళ్ళయితే మరీను. ఛాతీకి, స్టీరింగుకు మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలంటారు, లేకపోతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు దాని దెబ్బే తగులుతుంది. వీపు సీటుకు పూర్తిగా ఆనించి చేతులు చాపితే మణికట్లు స్టీరింగు పైఅంచు మీదికి రావాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు. మా చెల్లెలు మొదటి పోటీకి ముందు చేసిన పెద్ద మార్పు ఇదేనట!

సుద్దముక్క చెప్పే రహస్యం

మూడోది టైర్లు. ఆటోక్రాస్‌లో సగం విద్య అక్కడే ఉంది. ముందు చక్రాలతో నడిచే కారులో బండిని లాగేవీ ముందు టైర్లే, తిప్పేవీ ముందు టైర్లే. కోడలి మీద పడ్డట్టు బరువంతా వాటి మీదే! వేగంగా తిప్పితే టైరు పక్కకు మడతపడి, అంచు నేలను రాసుకుంటుంది. గాలి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి టైరు అంచున, పైభాగం నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో గీతలు గీస్తారు. ఒక రౌండు తిరిగొచ్చాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తారు. పక్కగోడ మీదికి కూడా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు. అంచు దాకా కూడా చెరగలేదంటే ఎక్కువైనట్టు. ఒక్కో రౌండుకు టైరు వేడెక్కి గాలి ఒత్తిడి పెరుగుతుంది గనుక మళ్ళీ కొలిచి, కాస్త తీసేస్తారు. చేతిలో గేజీ, సుద్దముక్క, ఒక చిన్న పుస్తకం. ముగ్గులు వేసిన చేతులకు ఇదొక లెక్కా?

ఆట కోసం పెంచిన ఆ గాలిని ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ మామూలుకు దించుకోవాలి. మన బండికి ఎంతుండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్కన అంటించిన కాగితం మీద రాసే ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు కూడా ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. మందుల డబ్బా మీద తేదీ చూడకుండా కొనని మనం, నలుగురి ప్రాణాలు మోసే టైరు మీద తేదీ చూడమే!

ఇక ఖర్చుతో కూడిన మార్పుల దగ్గరికొస్తే, స్ట్రీట్ తరగతి పోటీల్లో వాళ్ళు అనుమతించేవి కొన్నే. పట్టు ఎక్కువుండే టైర్లు, అదీ త్వరగా అరిగిపోయే మరీ మెత్తటి రకం కాకుండా. షాక్ అబ్జార్బర్లు, బ్రేకు ప్యాడ్లు, ఇలాంటివి. ఇక్కడ కూడా డబ్బు పెట్టిన ప్రతిసారీ మేలు జరగదు. నిజమైన రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితే గానీ పట్టవు. ఒక్క నిమిషం ఆటలో అవి వేడెక్కేదెప్పుడు? మర్నాడు పొద్దున్నే చల్లటి బండిలో పిల్లల్ని బడికి తీసుకెళ్ళేటప్పుడు అవే ప్యాడ్లు మోసం చేస్తాయి. చక్రాల పైభాగం లోపలికి కాస్త వంచి అలైన్‌మెంటు చేయిస్తే మలుపులో పట్టు పెరుగుతుంది, కానీ రోజూ తిరిగే రోడ్డు మీద టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు, నెలకోసారి ఆటకు వెళ్ళే బండిని ఏ పని కోసం సర్దాలో తేల్చుకోవడంలోనే తెలివి ఉంది.

ఎవరికి తగ్గట్టు?

అసలు విషయం ఇక్కడే ఉంది. మా చెల్లెలూ, మా మరిదిగారూ ఒకే కారుతో పోటీలో పాల్గొంటారు. అలా ఇద్దరు పంచుకోవడం అక్కడ మామూలే. ఆయనకు ఎనిమిదేళ్ళ అనుభవం. బండి వెనక లావు యాంటీ రోల్ బార్ వేయించారు. మలుపులో బండి ఒరిగిపోకుండా రెండు చక్రాలనూ కలిపి పట్టుకునే ఇనుప కడ్డీ అది. వెనకది గట్టిగా ఉంటే ముందు చక్రాల బండి చురుగ్గా తిరుగుతుంది. కానీ మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, వెనక భాగం ఒక్కసారిగా జారిపోతుంది. కొత్తగా నేర్చుకునే మనిషి కాలు తీయకుండా ఉంటుందా? ఆమె రెండుసార్లు గిర్రున తిరిగి ఆగింది. "అలవాటు పడతావులే" అన్నారాయన.

ఆమె అలవాటు పడలేదు, అడిగింది. ఆ కడ్డీకి చివర రెండు మూడు రంధ్రాలుంటాయి. లింకును చివరి రంధ్రానికి మారిస్తే మెత్తబడుతుంది. "రెంచి పట్టుకుంటే పది నిమిషాల పని. నేను నేర్చుకున్నదాకా ఇలాగే ఉండనీ" అంది. ఆ ఏడాదంతా ఇద్దరూ మెత్తటి సెట్టింగులోనే నడిపారు. ఆమె టైము తగ్గుతూ వచ్చింది, ఆయనది కాస్త పెరిగింది. "సంసారమన్నాక సర్దుకుపోవాలి కదక్కా! ఈసారి ఆయన సర్దుకున్నారు" అని నవ్వింది.

నాకు మాత్రం అది నవ్వుకుని వదిలేసే మాట అనిపించలేదు. వంటింటి గట్టు ఎత్తు దగ్గర్నుంచి కారు సీటు దాకా మన వాడకానికొచ్చే వస్తువుల్లో ఎన్ని మన కొలతకు సర్ది ఉన్నాయి? "అలవాటు పడతావులే" అన్న మాట విని ఎన్నిటికి మనం అలవాటు పడిపోలేదు? రంధ్రం మార్చవచ్చని తెలిస్తేనే కదా మార్చమని అడగగలిగేది! తెలుసుకోవడం అందుకే అవసరం.

ఆ పోటీల్లో ఆడవాళ్ళకు వేరే తరగతి ఉంటుంది. కావాలంటే అందులో, లేదంటే అందరితో కలిసి ఓపెన్‌లో పోటీ చేయవచ్చు. "కోనుకు ఆడా మగా తెలియదు కదా, వేరే తరగతి ఎందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది. ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ మూటన్ 1981లో ఇటలీలోని సాన్‌రేమో ర్యాలీని మగవాళ్ళందరినీ దాటి గెలిచింది. 1982లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది. అయినా నేను వేరే తరగతి ఉండాలనే అంటాను. పదిహేనేళ్ళ వయసు నుంచి బండ్ల మధ్య తిరిగినవాడితో, ముప్ఫయ్యేళ్ళకు తాళాలు అందుకున్న ఆమెను మొదటిరోజే పోల్చడం సరి కాదు. కానీ అది గడపలా ఉండాలి. దాటి లోపలికి వెళ్ళడానికే గానీ, అక్కడే కూర్చోవడానికి కాదు.

మరి మన దగ్గర?

"రోడ్ల మీద కుర్రాళ్ళు రేసులాడి ప్రాణాలు పోగొట్టుకుంటుంటే, మీరు కూడా రేసులంటారేమిటండీ?" అని మీలో కొందరు అనవచ్చు. తల్లినే గనుక ఆ భయం నాకూ తెలుసు. రాత్రి పదయ్యాక బైపాస్ రోడ్డు మీద ఆ మోత వినబడితే మా వాడు ఇంట్లో ఉన్నాడా అని ముందు చూసుకుంటాను. అందుకే ఈ ఆట గురించి రాస్తున్నాను. కుర్రతనపు వేగాన్ని తిట్టి ఆపలేం. హెల్మెట్ పెట్టి, కోన్లు పెట్టి, పక్కన మనిషి లేని చోట చూపించమంటే, తన చేతిలో ఎంత పనితనముందో ఒక్క నిమిషంలో వాడికే తెలుస్తుంది.

మన దేశంలోనూ ఆటోక్రాస్ ఉంది. ఎక్కువగా మట్టి నేల మీద జరుగుతుంది. మోటారు క్రీడలకు ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనే జాతీయ సంఘమూ ఉంది. కానీ మన జిల్లా ఊళ్ళ దాకా ఈ ఆట రాలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ జరిగితే గర్వంగానే చూశాం. అది చూసే పండగ. నాకు కావలసింది ఆడే పండగ! ఇంజనీరింగు కాలేజీలకు ఎకరాలకెకరాల మైదానాలున్నాయి, మెకానికల్ బ్రాంచిలో ఆడపిల్లలూ ఉన్నారు. తగిన అనుమతులతో, అంబులెన్సు పెట్టి, సెలవు రోజున ఒక పూట నడపడం అసాధ్యమేమీ కాదు.

అయితే బండికి ఇష్టమొచ్చిన మార్పులు చేసేయకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్పులు కుదరవు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. రేసులో దెబ్బతిన్న బండికి మామూలు బీమా వర్తించకపోవచ్చు, పాలసీ కాగితం ముందే చదువుకోవాలి. నిజానికి మొదలుపెట్టడానికి మార్పులేవీ అక్కర్లేదు. సరైన గాలి, మంచి టైర్లు, గట్టి బ్రేకులు, ఖాళీ చేసిన బండి, నిటారుగా కూర్చున్న మనిషి. ఇంతే!

మైదానం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఒక గేజీ కొనండి. నాలుగు టైర్లూ, స్టెప్నీతో సహా, మీరే కొలవండి. తేదీలు చదవండి. సీటు మీ ఎత్తుకు జరుపుకోండి. పక్కన మీ అమ్మాయిని నిలబెట్టుకుని మరీ చేయండి. రేపు దాని చేతికి తాళాలిచ్చేటప్పుడు, "జాగ్రత్తే" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఆ జాగ్రత్త ఎలాగో కూడా నేర్పినవాళ్ళమవుతాం.