చెదరిన చలనచిత్ర సంపద

నెల్లూరు సీమ భారతీయ చలనచిత్ర రంగానికి అందించిన తొలితరం దర్శకులలో యరగుడిపాటి వరదరావు ముఖ్యులు. నెల్లూరులో జన్మించిన ఆయన వై.వి.రావుగా ప్రసిద్ధులు. కన్నడంలో మొదటి టాకీ అయిన 'సతీ సులోచన' (1934), తమిళంలో ఘనవిజయం సాధించిన 'చింతామణి' (1937), వితంతు వివాహాన్ని సమర్థించిన తెలుగు చిత్రం 'మళ్ళీ పెళ్ళి' (1939) ఆయన దర్శకత్వంలో వెలువడినవే. వీటిలో 'మళ్ళీ పెళ్ళి' నేటికీ మిగిలి ఉంది. 'సతీ సులోచన' ప్రతి ఒక్కటైనా లభించడం లేదు.

ఈ నష్టానికి కారణాలు లేకపోలేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము సులభంగా నిప్పంటుకొనేది. తరువాత వచ్చిన అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ శిథిలమవుతుంది. మైపాడు, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల తేమగాలికి ఇళ్ళలో దాచిన పాటల పుస్తకాలు, వాల్‌పోస్టర్లు సైతం పాడైపోతాయి.

1964లో పుణెలో స్థాపితమైన జాతీయ చలనచిత్ర భాండాగారం 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. పాత చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చే కృషి అభినందనీయమే. కాని మార్చి దాచినంత మాత్రాన పని పూర్తి కాదు. సినిమా ఒక నగరంలో, దాని పాటల పుస్తకం మరొక నగరంలో, ఛాయాచిత్రాలు ఏ అభిమాని ఇంటి పెట్టెలోనో ఉంటే వాటి సంబంధం ఎవరికి తెలుస్తుంది? ఒకచోట 'వరదరావు' అనీ, వేరొకచోట 'వై.వి.రావు' అనీ నమోదైతే, వెదికేవారికి సగం చరిత్రే దక్కుతుంది. కనుక ప్రతి చిత్రానికీ, ప్రతి కళాకారునికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉండాలి. అన్ని భాషలలోని పేర్లూ, అన్ని సంస్థల పట్టికలూ ఆ సంఖ్యతో అనుసంధానం కావాలి.

పాత సినిమాలు అంతర్జాలంలో దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. అక్కడ కనిపించినదంతా భద్రంగా ఉన్నట్లు కాదు. నేడు ఒకరు ఉంచినది రేపు తొలగిపోవచ్చు. ఏ ప్రతి నుండి తీసినదో, ఎంత భాగం లోపించిందో తెలిపే వివరం సాధారణంగా ఉండదు.

పైగా, నశించిన చిత్రాలకే ఈ అనుసంధానం మరింత అవసరం. ఒక పాటల పుస్తకం, ఒక పత్రికా ప్రకటన, ఒక ఛాయాచిత్రం ఒకచోట చేరితే, చూడలేని చిత్రానికి కూడా కొంత రూపం ఏర్పడుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జిల్లా గ్రంథాలయాలు, కళాశాలలు తమ ప్రాంతపు ఇళ్ళలోని ఇటువంటి సామగ్రిని స్కాను చేసి, వివరాలతో నమోదు చేయడం ప్రారంభించాలి. విద్యార్థులు అందుకు చేయూతనివ్వాలి. ఆ పెట్టెలు తెరవడంలో జరిగే ఆలస్యమే మరొక 'సతీ సులోచన'ను మనకు దూరం చేయవచ్చు.