అభయపత్రం

క్రీ.శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. చీరాలకు సమీపాన, సముద్రపుటొడ్డున ఉన్న ఆ ఊరి వీరభద్రాలయంలో ఆ శిల నేటికీ నిలిచి ఉంది. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారు. ఆ ఆచారాన్ని మానుతున్నామనీ, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ, ద్వీపాంతరాలకు రాకపోకలు సాగించే వర్తకులకు భయం లేదనీ రాజు అందులో ప్రకటించాడు. అందుకే దానికి అభయశాసనమని పేరు వచ్చింది.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కౌటిల్యుని అర్థశాస్త్రం ముద్రాధ్యక్షుడనే అధికారిని పేర్కొన్నది. ఒక మాషం చెల్లించి ముద్ర పొందినవాడే జనపదంలోకి రావాలి, బయటికి పోవాలి. ముద్ర లేనివాడు పన్నెండు పణాల దండుగ కట్టాలి. కౌటిల్యుని ముద్రలో అదుపు ఉంది. గణపతిదేవుని శాసనంలో అభయం ఉంది. నేటి పాస్‌పోర్టు ఈ రెండింటికీ వారసురాలు. ఎవరు వెళ్తున్నారో, ఎవరు వస్తున్నారో తెలుసుకునే సాధనమూ అదే. భారత రాష్ట్రపతి పేరిట, ఈ వ్యక్తిని నిరాటంకంగా సాగనివ్వండని, అవసరమైన సహాయమూ రక్షణా కల్పించండని ప్రపంచ దేశాలను కోరే పత్రమూ అదే. పరాయి దేశంలో ఉన్నవాడి పాస్‌పోర్టుకు గడువు తీరే వేళ, ఈ రెండు ధర్మాలలో ఏది ముందు నిలవాలన్నది ఆలోచించవలసిన విషయం.

మోటుపల్లికి ఎగువన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలు విస్తరించి ఉన్నాయి. పత్తికీ మిరపకూ అవి పెట్టింది పేరు. గుంటూరు మిర్చియార్డు ఆసియాలోనే పేరుమోసిన విపణి. అయితే ఆ నేల ఇచ్చినంత ధారాళంగా ఇచ్చి, ఒక్కసారిగా చేయి విదిల్చిన సంవత్సరాలూ ఉన్నాయి. 1987-88లో పత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడింది. ఎన్ని మందులు కొట్టినా ఫలితం దక్కక, అప్పుల పాలై, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. బిడ్డలకు ఈ సేద్యం వద్దన్న మాట ఆ తరువాత ఎన్నో లోగిళ్ళలో వినిపించింది. అంతకుముందే, 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాలలో చదివిన వైద్యులు అమెరికాకు దారి తీశారు. 1990ల నుంచి కంప్యూటరు చదువులు చదివిన రైతుబిడ్డలు వారిని అనుసరించారు. డ్రైవర్లుగా, కూలీలుగా, ఇంటి పనివారుగా గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారూ ఉన్నారు. వీరి చదువులు వేరు, సంపాదనలు వేరు. కాని అందరి చేతిలోనూ ఉన్నది ఒకే పుస్తకం.

ఆ పుస్తకం ఒకప్పుడు ప్రభుత్వపు దయ మీద ఆధారపడి ఉండేది. ఇస్తే ఇచ్చినట్లు, లేకుంటే లేదు. ఈ స్థితిని మార్చిన తీర్పుకు గుంటూరుతో పరోక్షంగా ఒక బంధం ఉంది. 1954 జూలైలో గుంటూరులో నెలకొన్న ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయనే తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమని ప్రభుత్వం ఆదేశించగా, ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. విదేశయానం చేసే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం చెప్పే వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని 1967 ఏప్రిల్ 10న సుబ్బారావు మెజారిటీ తీర్పు రాశారు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు నిలిచిన తీర్పు అది. చట్టం చేయకుండా పౌరుని నిలువరించడం ఇక కుదరదని గ్రహించిన ప్రభుత్వం ఆ జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టాన్ని తెచ్చింది. అంటే ఆ చట్టం పుట్టుకలోనే హక్కు ఉంది. పునరుద్ధరణ కోసం కాన్సులేట్ గుమ్మం ఎక్కే ప్రవాసి యాచకుడు కాడు. తన హక్కును వినియోగించుకునే పౌరుడు.

ఇక పునరుద్ధరణ ఎలా జరుగుతుందో చూడాలి. వయోజనుల పాస్‌పోర్టుకు పదేళ్ళ గడువు, పిల్లల పాస్‌పోర్టుకు సాధారణంగా అయిదేళ్ళ గడువు ఉంటుంది. గడువు పొడిగించడమన్నది నేడు లేదు. పాతది రద్దు చేసి కొత్తది ఇస్తారు. గడువుకు ఏడాది ముందుగానే దరఖాస్తు చేయవచ్చు. పర్చూరు ప్రాంతపు యువకుడొకడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడనుకుంటే, అతడు హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాడు. అతని వివరాలపై సందేహం కలిగితే ఆ ప్రశ్న స్వదేశంలోని పాస్‌పోర్టు కార్యాలయానికి, అక్కడి నుంచి ఊరి పోలీసుస్టేషనుకు రావచ్చు. అప్పుడు కానిస్టేబులు వచ్చి నిలిచేది అతని తల్లిదండ్రుల వాకిట్లోనే. సముద్రాల అవతల జరిగే ఈ పనికి వేళ్ళు ఊళ్ళోనే ఉన్నాయి.

ఆ వేళ్ళలో మొదటిది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. పాస్‌పోర్టు దరఖాస్తులో రెంటికీ వేర్వేరు గడులు ఉంటాయి. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్కొక్కసారి పొడి అక్షరంగా మిగిలిపోతుంది. దాన్ని విడమరచి రాసేటప్పుడు ఒకరు ఒక విధంగా, మరొకరు మరొక విధంగా ఆంగ్లాక్షరాలు కూరుస్తారు. కొందరు పేరంతా ఒకే గడిలో రాసి రెండవది ఖాళీగా వదిలేస్తారు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒంటిపేరుతో ఉన్న పాస్‌పోర్టులపై సందర్శక వీసాలను నిరాకరించినప్పుడు ఆ ఖాళీ గడి విలువ ఎందరికో తెలిసివచ్చింది.

రెండవది పుట్టినతేదీ. బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయుడు ఉజ్జాయింపుగా వేసిన తేదీయే జీవితాంతం వెంట వస్తుంది. ఇంట్లో జరుపుకునే పుట్టినరోజు వేరు, కాగితం మీది పుట్టినరోజు వేరు అయినవారు పెద్ద తరంలో లెక్కకు మిక్కిలి.

మూడవది జన్మస్థలం. 1950లో చీరాలలో పుట్టిన వ్యక్తి మద్రాసు రాష్ట్రంలో, గుంటూరు జిల్లాలో పుట్టాడు. 1953 అక్టోబరు 1న అతని ఊరు ఆంధ్రరాష్ట్రంలోకీ, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకీ వచ్చింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు మారింది. 2022 ఏప్రిల్ 4న చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఆ మనిషి పుట్టిన ఇల్లు అంగుళమైనా కదలలేదు. దాని చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. అతని పాత పత్రాల్లో ఒకదానిలో గుంటూరు, మరొకదానిలో ప్రకాశం కనిపిస్తే అది అబద్ధం కాదు, చరిత్ర. ఆ చరిత్ర తెలియని అధికారికి అదే వైరుధ్యంగా తోస్తుంది. జిల్లాలను మార్చింది ప్రభుత్వమే కనుక, ఏ ఊరు ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో తెలిపే పట్టికను ప్రతి కాన్సులేట్‌లోనూ ఉంచి, ఆ మార్పును నిరూపించే భారం ముసలివారిపై వేయకుండా చూడవలసిన బాధ్యతా ప్రభుత్వానిదే.

ఇంత పట్టుదల ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. దానికి సమాధానం ఉంది. మారుపేర్లతో, దొంగపత్రాలతో పాస్‌పోర్టులు పొందేవారు ఉన్నారు. ఒక్క నకిలీ పాస్‌పోర్టు బయటపడితే, నిజాయితీగా ప్రయాణించే వేలమందిపై విమానాశ్రయాలలో అనుమానపు చూపు పడుతుంది. అందుకే తప్పుడు సమాచారమిచ్చి పాస్‌పోర్టు పొందినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించే వీలు చట్టంలో ఉంది. పరిశీలన ఉండవలసిందే. అయితే మోసాన్ని పట్టుకోవడం వేరు, అక్షరదోషాన్ని మోసంగా చూడడం వేరు. ఈ రెంటి మధ్య తేడాను గుర్తించే వివేకం అధికారికి ఉన్నప్పుడే కౌటిల్యుని ముద్ర గణపతిదేవుని అభయంగా మారుతుంది.

ప్రవాసి బాధ్యతా చిన్నది కాదు. అమెరికాలో ఉద్యోగవీసా మూడేళ్ళకు ఉన్నా, పాస్‌పోర్టు ఎనిమిది నెలలలో ముగిసేదైతే, విమానాశ్రయంలోని అధికారి బస గడువును ఆ ఎనిమిది నెలలకే రాయవచ్చు. వీసా కాగితం చూసుకుని నిశ్చింతగా ఉన్నవాడు తనకు తెలియకుండానే అక్రమవాసిగా మారిన సందర్భాలు ఉన్నాయి. పాత పుస్తకం రద్దయినా, అందులోని వీసాకు కాలం మిగిలి ఉంటే రెండు పుస్తకాలనూ కలిపి భద్రపరచుకోవాలి. ఇటువంటివి తెలుసుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు, కొద్దిపాటి జాగ్రత్త చాలు. చదువుకున్నవారు ఈ జాగ్రత్త చూపకపోతే ఆ తప్పును ప్రభుత్వం మీదికి నెట్టడం న్యాయం కాదు.

కాని జాగ్రత్త ఒక్కటే చాలని వారు కొందరున్నారు. గల్ఫ్‌లో దిగగానే కార్మికుని పాస్‌పోర్టును యజమాని తీసుకుని బీరువాలో పెట్టుకోవడం చిరకాలంగా సాగుతున్న దురాచారం. అక్కడి దేశాలు పలువురు ఈ పనిని నిషేధిస్తూ నిబంధనలు చేశాయి; అయినా అది ఆగలేదు. భారత చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్రప్రభుత్వపు ఆస్తి. దాన్ని దాచిన యజమాని ఒక పేదవాని కాగితాన్ని మాత్రమే కాదు, భారతదేశపు ఆస్తిని దాచినట్లు. గడువు దగ్గరపడినా ఆ కార్మికునికి పుస్తకం చేతికి రాదు. వచ్చినా, పని మానుకుని, ఎంతో దూరాన ఉన్న రాయబార కార్యాలయానికి వెళ్ళడానికి సెలవు దొరకదు. పాస్‌పోర్టు చచ్చినప్పుడు నివాసపత్రమూ చస్తుంది. అప్పటి నుంచి అతడు పోలీసులకు కనపడకుండా బతకాలి. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికి భయపడాలి. ఇంట్లో తల్లి చనిపోయినా రాలేడు.

2018లో కువైట్ ప్రభుత్వం జనవరి 29 నుంచి క్షమాభిక్ష అమలుచేసి, దాన్ని ఏప్రిల్ 22 వరకు పొడిగించినప్పుడు, ఇలా పత్రాలు లేక మగ్గుతున్నవారెందరో బయటికి వచ్చారు. తెలుగువారూ వారిలో ఉన్నారు. పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయం అత్యవసర ప్రయాణపత్రాలు ఇచ్చింది. ఆ పత్రంతో స్వదేశానికి రావచ్చును గాని తిరిగి వెళ్ళడానికి వీలులేదు. ఏళ్ళ తరబడి చెమటోడ్చిన మనిషి చివరికి ఒకవైపు ప్రయాణానికి మాత్రమే పనికివచ్చే కాగితంతో ఇల్లు చేరడం విచారకరం. సకాలంలో పునరుద్ధరణ జరిగి ఉంటే వారిలో కొందరికైనా ఆ గతి తప్పేది.

కనుక పునరుద్ధరణ వ్యవస్థ మంచిచెడ్డలను కొలవవలసింది హ్యూస్టన్‌లో కాదు, కార్మికుల బస్తీలలో. 2018 చివరిలో లండన్, న్యూయార్క్‌లలో మొదలై విదేశాలలోని భారత కార్యాలయాలను స్వదేశపు సమాచార వ్యవస్థతో కలిపిన ఏర్పాటు మంచిదే. 2024లో చిప్ అమర్చిన పాస్‌పోర్టులు రావడమూ మంచిదే. కంప్యూటరు ముందు కూర్చోగలవానికి వీటితో పని తేలికవుతుంది. కూర్చోలేనివాని దగ్గరికి కార్యాలయమే వెళ్ళాలి. సెలవు దినాలలో కార్మికుల శిబిరాల వద్దనే దరఖాస్తులు స్వీకరించే పద్ధతి ఇప్పటికే కొన్నిచోట్ల ఉంది. అది అరుదైన ఉపకారంగా మిగలక, నియమిత విధిగా మారాలి. పాస్‌పోర్టు యజమాని వద్ద ఉందని కార్మికుడు చెబితే, దాన్ని విడిపించే పని కార్మికునిది కాక రాయబార కార్యాలయానిది కావాలి.

కళాశాలలో చదువుకునే విద్యార్థులకు ఇదంతా దూరపు మాటగా తోచవచ్చు. కాని పాస్‌పోర్టులోని మొదటి అక్షరం పడేది బడిలోనే. పదవ తరగతి ధ్రువపత్రంలో పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోవడం ఒక రోజు పని. పదిహేనేళ్ళ తరువాత పరాయి దేశంలో అది ఒక ఏడాది పని. పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టుపై వలస అనుమతి అవసరమన్న ముద్ర పడుతుందని, అటువంటివారు ఏజెంటు ద్వారా వెళ్తే ప్రభుత్వ నమోదు పొందిన ఏజెంటు ద్వారానే వెళ్ళాలని, ఊళ్ళో గల్ఫ్ ప్రయాణానికి సిద్ధపడే అన్నకో బాబాయికో చెప్పగలిగేది చదువుకున్న ఈ పిల్లలే. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో ఉంచి వెళ్ళమని చెప్పడమూ వారి వంతే.

మోటుపల్లిలో నేడు ఓడలు లేవు, వర్తకులు లేరు. రాతి మీద చెక్కిన ఆ అభయానికి గడువు తేదీ రాయలేదు. కాగితం మీద ఇచ్చిన అభయానికి మాత్రం పదేళ్ళకొకసారి ప్రాణం పోయాలి. పౌరుడు వేళకు అడగాలి. దేశం వేళకు ఇవ్వాలి. ఈ రెండూ జరిగినప్పుడే మిరపచేను విడిచి ఎంత దూరం పోయినవానికైనా వెనుక ఒక దేశం ఉందన్న ధైర్యం నిలుస్తుంది.