చెట్టుకింద అన్నం



2022 ఆగస్టులో పార్టీల గొడవలో మన కుప్పంలో బీదలకు అన్నం పెట్టే పందిరి ధ్వంసమయ్యింది. ఆ డిసెంబరులో కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిదిమంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో పండుగ కానుకలు పంచేచోట మరో ముగ్గురు స్త్రీలు పోయారు. మర్నాడే రోడ్లమీద సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం 1వ నెంబరు జీవో ఇచ్చింది. దాన్ని చూపి పోలీసులు కుప్పం వైపూ సభలు ఆపారు. మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది.

పార్టీల సంగతి నాకు వద్దు. గుంపు చేరితే ప్రమాదం, అన్నం పంచితే మురికి, కాబట్టి ఆపేద్దాం అనుకోవడం సులువు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను.

చాలా ఏళ్ళ క్రితం వేరొక ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా ఉన్నాను. రోగుల బంధువులు చెట్టుకింద సద్దిమూటలు విప్పేవారు. రాగిసంగటి, ఊరిబిండి ఒకరికొకరు పెట్టుకొనేవారు. కుక్కలు, ఈగలు చేరుతున్నాయని "ఇక్కడ భోజనం చేయరాదు" అని నేనే బోర్డు పెట్టించాను. ఆవరణ శుభ్రపడింది, నాకు మంచిపేరు వచ్చింది. వారానికి ఒక ముసలవ్వ మరుగుదొడ్ల గోడ వెనక కూర్చొని తింటూ కనబడింది. నన్ను చూచి గిన్నెను కొంగుకింద దాచుకొని "తప్పయిపాయ సిస్టరమ్మా" అంది. ఈగలు అక్కడే ఎక్కువ. ఆమెను అక్కడికి పంపింది నా బోర్డే.

బోర్డు తీసేశాం. చెట్టుదగ్గర కొళాయి, సబ్బు, మూత ఉన్న చెత్తడబ్బా పెట్టాం.

మన సంఘాల యువకులు పండుగలకు పులిహోర, సాంబారన్నం పొట్లాలు తెస్తారు. మానకండి. అయితే తెల్లవారుజామున వండి మధ్యాహ్నం పంచకండి. వండిన అన్నం బయట రెండు గంటలకు మించి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పాడైన పొట్లం తిన్న పిల్లలకు సెలైన్ ఎక్కించేది మేమే కదా! 2011 నాటి ఆహార భద్రత నియమాలు సమావేశాల్లో అన్నం పంచేవారినీ రిజిస్ట్రేషన్ చేయించుకొమ్మన్నాయి. అది అడ్డుకోవడానికి కాదు, వండింది ఎవరో తెలియడానికి.

తోపులాట భయమా? ఐదువేలమందికి పెట్టకముందు యేసుప్రభువు వారిని ఏబదేసిమందిగా కూర్చోబెట్టించారు. మనవాళ్ళు లారీమీద నిలబడి పొట్లాలు విసురుతారు!

రామకుప్పంలో గాని, మదనపల్లెలో గాని పార్కులోనో చర్చి ఆవరణలోనో "తినరాదు" అని బోర్డు రాయించబోయే పెద్దలకు ఒక మనవి. ముందు అక్కడ కొళాయిలో నీళ్ళు వస్తున్నాయేమో తిప్పి చూడండి.

నర్సింగ్ సూపరింటెండెంట్