లెస్టర్ మేం నేర్చుకుంటాం, తిర్యాణి మీరు నేర్చుకోండి

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

పోయిన వారం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో మా హాస్టల్ తమ్ముడొకడిని లేపి పేరా చదవమన్నరు. ఇంగ్లాండు ఊర్ల గురించి పాఠం. వాడు 'లీసెస్టర్' అని చదివిండు. అక్షరాలు అట్లనే ఉన్నయ్ మరి. క్లాసంతా నవ్వింది. పాఠం చెప్పేటాయన కూడా నవ్వి, "లెస్టర్ రా బాబూ, ఏ అడవిలకెళ్లి వచ్చినవ్?" అన్నడు. ఆ రోజు నుంచి తమ్ముడు ఆ క్లాసుకు వస్తలేడు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కు పేరు ఇయ్యమంటే కూడా వద్దన్నడు. వాళ్ల ఇంట్ల డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి వాడే. మాలో చాలామందిమి అంతే.

నవ్వినాయన అదే గంటలో 'గ్రీన్‌విచ్' అన్నడు. అక్కడివాళ్లు దాన్ని గ్రెనిచ్ అంటరు. ఎవ్వరూ నవ్వలే. మాక్కూడా అప్పుడు తెల్వదు, రాత్రి హాస్టల్లో ఫోన్ పట్టుకుని కూసుంటే తెలిసింది.

ఆ రాత్రి ఇంకా చాలా తెలిసినయ్. వర్సెస్టర్ అనిపించేది ఊస్టర్ అట. గ్లౌసెస్టర్ గ్లాస్టర్ అట. ఈ పేర్ల చివర ఉన్న 'సెస్టర్' పాత ఇంగ్లీషులో రోమన్ల కోటకు వాడిన మాట. వందల ఏండ్లు పలికి పలికి నోట్లో అది అరిగిపోయింది, కాగితం మీద మాత్రం అట్లనే మిగిలింది. అంటే తమ్ముడు చదివింది తెలివితక్కువతనం కాదు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివిండు. తెలుగు అట్లనే చదువుతం కదా. ష్రూస్‌బరీ అనే ఊరి పేరు మీద అయితే ఆ దేశపోళ్లకే పంచాయితీ, కొందరు ష్రోస్‌బరీ అంటరు. అమెరికాలో అర్కన్సాస్ అని రాసి అర్కన్సా అని పలకాలని ఆ రాష్ట్ర శాసనసభ 1881లో తీర్మానమే చేసింది. ఒక్క పేరు కోసం తీర్మానం! టెక్సాస్‌లో హ్యూస్టన్ అన్నదే న్యూయార్క్ వీధికి వచ్చేసరికి హౌస్టన్ అయితది. ఎక్కడైనా ఒకటే రూలు: ఆ ఊరోళ్లు ఎట్ల అంటే అదే కరెక్టు. దాన్ని మేం ఒప్పుకుంటున్నం. లెస్టర్ అనే అంటం.

మరి అదే రూలు మా ఊర్లకు ఎందుకు లేదు?

తిర్యాణి మండలం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి 'టిర్యానీ' అని, వెంటనే "బిర్యానీ దొరుకుతదా" అని జోకు. ఇది మేం ఎన్నిసార్లు విన్నమో లెక్కలేదు. ఇంద్రవెల్లిని 'ఇండర్‌వెల్లీ' అంటరు. 1981 ఏప్రిల్ 20న మనోళ్ల మీద కాల్పులు జరిగిన ఊరది, దాని పేరు కూడా సక్కగా పలకరు. మడావి ఇంటిపేరున్న మా దోస్తును అటెండెన్స్‌లో 'మాధవి' అని పిలుస్తరు. మీసాలున్న పిలగాడు లేచి నిలబడతడు, మళ్లీ నవ్వు. ఆత్రం 'అట్రామ్' అయితది. ఇక కుమ్రం భీం ఇంటిపేరును కొమరం, కొమురం, కుమురం అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తరు, జిల్లాకే ఆ పేరు పెట్టుకున్నంక కూడా.

"చిన్న విషయం, ఎందుకింత లొల్లి" అంటరు కొందరు. చిన్నది కాదు. మాలో ఒకామెకు ఊరి పేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, కుల సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్ పడ్డది. స్కాలర్‌షిప్ ఫైలు వాపసు వచ్చింది. మూడుసార్లు ఆఫీసుకు తిరిగింది, బస్సు కిరాయి మేమే తలా ఇంత ఏసుకున్నం. రాసినోళ్లు వాళ్లకు వినిపించినట్టు రాసిండ్రు, తిరిగింది ఆమె.

ఇంగ్లీషోళ్లు వచ్చినప్పుడు కాకినాడ కోకనాడ అయింది, ఏలూరు ఎల్లోర్ అయింది, మచిలీపట్నం మసూలిపటం అయింది. వాళ్ల నాలుక తిరగకపోతే రికార్డే మారింది. మన నాలుక తిరగకపోతే మాత్రం మనం అడవిలకెళ్లి వచ్చినోళ్లం. అవును, అడవిలకెళ్లే వచ్చినం. అయితే ఏంది? హైమండార్ఫ్ అనే పెద్ద పండితుడు మార్లవాయి వచ్చి గోండి నేర్చుకుని మనోళ్లతో మనోళ్ల భాషలనే మాట్లాడిండు. అంత దూరంనుంచి వచ్చినాయనకు తిరిగిన నాలుక, బస్సులో నాలుగైదు గంటల దూరం ఉన్నోళ్లకు తిరగదా?

మన తప్పు కూడా ఉంది, దాచుకోవద్దు. ఊరేది అని అడిగితే మాలో సగంమంది "ఆదిలాబాద్ సైడ్" అని తప్పించుకుంటం. ఊరి పేరు చెప్తే మళ్లీ అడుగుతరని, మళ్లీ నవ్వుతరని. కోలాం తమ్ముళ్ల మాట తీరును మనమే ఎక్కిరించిన రోజులు కూడా ఉన్నయ్. అది ఈ హాస్టల్లోనే జరిగింది.

అందుకే మా రూముల్లో ఒక మాట అనుకున్నం. సోమవారం నుంచి 'మాధవి' అంటే ఎవ్వరూ లేవరు. "మడావి, సార్" అని మర్యాదగానే చెప్తం, ఎన్నిసార్లయినా చెప్తం. తమ్ముడిని క్లాసుకు మేమే తోలుకపోతం, పేరా వాడే చదువుతడు, పక్కన మేముంటం. మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరి పేరు మీ అవ్వతోనో తాతతోనో పలికించి రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. ఇప్పటికి పదకొండు ఊర్లు వచ్చినయ్. సిర్పూర్ యూ, నార్నూర్, జైనూర్ దిక్కునోళ్లు ఇంకా పంపలేదు.