వాగు అడుగే గీటురాయి

వాటర్‌షెడ్ పథకాల ఫలితాన్ని భూగర్భ జలమట్టం, పంట దిగుబడులతో మాత్రమే అంచనా వేయడం అసమగ్రం. వాగు అడుగున జీవించే అకశేరుకాలను కూడా పరిగణించాలి. సీసాలో పట్టిన నీరు ఆనాటి స్థితినే తెలుపుతుంది. ఈ జీవుల సముదాయం గడచిన నెలల ప్రభావాన్ని చూపుతుంది.

ప్రాణవాయువు సమృద్ధిగా గల పారే నీటిలో, రాళ్ల సందులలో మేఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు వృద్ధి చెందుతాయి. పొలాల నుండి కొట్టుకువచ్చిన మట్టి ఆ సందులను పూడ్చినప్పుడు, సేంద్రియ వ్యర్థాలు కుళ్లి ప్రాణవాయువు క్షీణించినప్పుడు ఇవి తగ్గి, హిమోగ్లోబిన్ గల ఎర్రని కైరోనోమస్ లార్వాలు, ట్యూబిఫెక్స్ పురుగులు ప్రబలుతాయి. బ్రిటన్‌లో రూపొందిన బి.ఎం.డబ్ల్యు.పి. సూచికలో అనేక స్టోన్‌ఫ్లై కుటుంబాలకు 10, కైరోనోమిడ్ కుటుంబానికి 2 మార్కులు. కుటుంబస్థాయి గుర్తింపు చాలు కనుక ఇది క్షేత్రస్థాయిలో సాధ్యమే.

వరదలు కూడా ఈ జీవులను తగ్గిస్తాయి. అందువలన పథకానికి ముందు, తరువాత ఒకే ఋతువులో నమూనాలు సేకరించి, పథకం అమలుకాని వాగుతో పోల్చాలి. మట్టి పొలంలో నిలిచిందో లేదో వాగు అడుగే తేల్చాలి.