ముందు ఆగడం నేర్పండి

మోటార్‌సైకిల్ లైసెన్సు కోసం వెళితే నాతో ఎనిమిది వేయించారు. నేల మీద గీసిన అంకె వెంట, కాలు కింద పెట్టకుండా, ఫస్టు గేరులో మెల్లగా తిరిగి వచ్చాను. పాసయ్యాను. నా ముందువాళ్లూ, నా వెనకవాళ్లూ అలాగే పాసయ్యారు. కొంచెం వేగంగా వచ్చి ఆగి చూపించమని మాలో ఎవర్నీ అడగలేదు. నలభై కిలోమీటర్ల వేగంలో పోతుంటే ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగిపోతే ఏ బ్రేకు ఎంత వేయాలో మాకు తెలుసో లేదో ఎవరూ చూడలేదు. అయినా లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి మేమంతా జాతీయ రహదారి మీద బండి నడపడానికి అర్హులమే.

బండిని తిప్పడం వచ్చిందా అని కాదు, ఆపడం వచ్చిందా అని చూసి లైసెన్సు ఇవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. ఇల్లు కూర్మన్నపాలెంలో, ఆసుపత్రి హనుమంతవాక వైపు. ఊరికి ఈ చివర్నుంచి ఆ చివరికి, పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఉదయం షిఫ్టుకు ఏడింటికల్లా సీట్లో ఉండాలి, రాత్రి షిఫ్టు దిగేసరికి బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. నాన్న స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాడు. మోకాళ్లు పట్టేసి బండి తీయడం మానేశాడు. పాత స్ప్లెండర్, మంచి కండిషన్‌లో ఉంది. ముప్పై ఆరేళ్ల వయసులో దాన్ని నేను తీశాను. స్కూటీ కొనుక్కోవచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. నడిచే బండి ఇంట్లో ఉండగా అప్పు చేసి ఇంకోటి ఎందుకు కొనాలి? గేర్ల బండి మగవాళ్లదని ఏ చట్టంలోనూ లేదు.

మా దగ్గరికి రక్తం కోసం వచ్చే కాగితంలో వయసు రాసే గడి ఒకటి, కారణం రాసే గడి ఒకటి ఉంటాయి. రోడ్డు ప్రమాదం అని రాసి ఉన్న కాగితం ఒక్కోసారి పరుగెత్తుకుంటూ వస్తుంది. గ్రూపు చూసి, క్రాస్ మ్యాచ్ చేసేంత వ్యవధి కూడా ఉండదు. అప్పుడు ఓ నెగెటివ్ ఇచ్చి పంపేసి, మిగతా పరీక్షలు వెనక చేస్తాం. వయసు గడిలో పంతొమ్మిది ఉంటుంది, ఇరవై రెండు ఉంటుంది. ఆ కాగితాలు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. వీళ్లకి బండి ఆపడం ఎవరైనా కూర్చోబెట్టి నేర్పారా అనే ప్రశ్న మాత్రం నేను హ్యాండిల్ పట్టుకున్నాకే మొదలైంది.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవాళ్లు. నూటికి నలభై నాలుగు మందికి పైనే. ఇంతమంది పోతున్న బండికి మనం పెడుతున్న పరీక్ష మాత్రం నడక వేగంతో వేసే ఒక ఎనిమిది.

ఎనిమిది వద్దని నేను అనడం లేదు. బండి బరువు మన అదుపులో ఉందా, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలుసా అన్నది దానితో తేలుతుంది. కానీ నెమ్మదిగా పోతూ పడిపోయినవాడు గీసుకుపోయిన మోచేత్తో లేస్తాడు. మా దగ్గరికి కాగితం వచ్చేది వేగంలో ఆగలేకపోయినవాడి కోసం.

కొత్తగా చట్టం కూడా చేయనక్కర్లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో పదిహేనోది తీసి చదవండి. డ్రైవింగ్ పరీక్షలో అభ్యర్థి ఏమేం చేసి చూపాలో అందులో వరసగా ఉంది. అద్దాలు సరిచూసుకోవడం, సిగ్నల్ స్పష్టంగా ఇవ్వడం, గేర్లు సరిగా వాడటం, వాటితోపాటే అత్యవసరంగా బండిని ఆపడం. ముప్పై ఏళ్లు దాటింది ఆ మాట కాగితం మీదికెక్కి. నేను పరీక్షకు వెళ్లినచోట అది ట్రాక్ మీదికి ఇంకా రాలేదు.

లెర్నర్ లైసెన్సు తీసుకున్నాక కనీసం ముప్పై రోజులు ఆగితేగానీ అసలు పరీక్షకు రానివ్వరు. ఆ ముప్పై రోజులూ నేర్చుకోవడానికని ఇచ్చినవి. ఎవరు నేర్పుతారు? మా వైపు డ్రైవింగ్ స్కూళ్లలో కారు నేర్పుతారు, ఆడవాళ్లకు స్కూటీ నేర్పేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. మోటార్‌సైకిల్ నేర్పమంటే, అదేముందమ్మా, ఇంట్లో ఎవరినైనా అడగండి అన్నారు. నిజమే, అందరూ అలాగే నేర్చుకుంటున్నారు. అన్నయ్య దగ్గరో, స్నేహితుడి దగ్గరో, కాలేజీ గ్రౌండులో ఒక సాయంత్రం. కదపడం, గేరు మార్చడం, మలుపు తిప్పడం. బండి ఆగిపోకుండా పోతే నేర్చేసుకున్నట్టే. ఆపడానికి వచ్చేసరికి తరతరాలుగా ఒకే పాఠం నడుస్తోంది. ‘ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు.’

ఈ పాఠం ప్రాణాంతకం. బండికి బ్రేకు వేయగానే బరువు చాలావరకు ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రానికి బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా అది జారుతుందే గానీ బండిని త్వరగా ఆపదు. గట్టి పట్టు ఉండేది ముందు చక్రానికే. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే ఆగడానికి దాదాపు రెట్టింపు దూరం కావాలి. గంటకు నలభై అంటే సెకనుకు పదకొండు మీటర్లు. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని కంటికి కనపడి, చెయ్యి కదిలేసరికే ఆ పదకొండు మీటర్లూ అయిపోతాయి. ఆ తర్వాత మొదలవుతుంది ఆగడం. ముందు బ్రేకును అసలు వాడకపోవడం ఎంత ప్రమాదమో, భయంలో ఒక్కసారిగా బిగించేయడమూ అంతే ప్రమాదం. ఎన్నడూ ముట్టుకోనివాడు ప్రాణం మీదికొచ్చినప్పుడు చేసేది ఈ రెండోదే. బండి పల్టీ కొడుతుంది. చూశావా, అందుకే చెప్పాం అంటారు.

నా అదృష్టం, నాన్నకు ఈ సంగతి తెలుసు. ఆదివారం పొద్దున్నే స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరంలోకి తీసుకెళ్లాడు. సెక్టార్ల మధ్య వెడల్పాటి రోడ్లు, ఆ వేళకు మనుషులుండరు. ఒక చెట్టు గుర్తు పెట్టి, దూరం నుంచి ముప్పైలో వచ్చి చెట్టు దగ్గర వెనక బ్రేకు మాత్రమే వేయమన్నాడు. ఎక్కడ ఆగానో అక్కడ తన చెప్పు విడిచాడు. మళ్లీ అదే వేగంలో వచ్చి రెండు బ్రేకులూ వేయమన్నాడు. చెప్పు చాలా దూరాన ఉండగానే బండి ఆగింది. తిరిగి వెళ్లి మళ్లీ రమ్మన్నాడు. ముప్పై నుంచి నలభైకి వచ్చాం. ముందు బ్రేకును నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి, హ్యాండిల్ తిన్నగా ఉండాలి, చూపు కిందికి చక్రం వైపు పోకూడదు, దూరంగా ఉండాలి, క్లచ్ ఆఖర్న పట్టాలి. నాన్నది విజయనగరం పక్క పల్లె, మాట ఇంకా మారలేదు. ‘బేగెల్లడం ఎవులైనా ఎల్తారమ్మా, ఆగడం నేర్సుకోవాల’ అన్నాడు. ఎన్నో ఆదివారాలు మేం చేసింది అదే. ఎనిమిది వేయడం మాత్రం పరీక్షకు ముందు సాయంత్రం నేర్చుకున్నాను.

నాన్న లేనివాళ్ల సంగతేమిటి? ఉన్నా, ముందు బ్రేకు ముట్టుకోవద్దని చెప్పే నాన్న అయితే?

నేను వెళ్లే దారి చూడండి. పదహారో నంబరు జాతీయ రహదారి మా ఊరి మధ్యగానే పోతుంది. అనకాపల్లి నుంచి ఆనందపురం వరకు ఆరు వరసల రోడ్డు వచ్చాక ఊరు దాటిపోయే లారీలు అటు మళ్లాయి. పోర్టుకూ స్టీల్ ప్లాంటుకూ గాజువాక ఫ్యాక్టరీలకూ వచ్చిపోయేవి ఇటు రావలసిందే. పాత గాజువాక దగ్గర ఇనుప చుట్టలు మోసుకెళ్లే ట్రైలర్ పక్కన సిగ్నల్‌లో నిలబడితే దాని చక్రం నా భుజం ఎత్తుంటుంది. దానికి ఎడమ పక్క దగ్గరగా ఉన్న బండి డ్రైవరుకు కనపడదు. ఇది పరీక్షలో ఎవరూ అడగరు, రోడ్డు మీద ఎవరూ చెప్పరు. ఆ పక్కన నిలబడకూడదని తెలుసుకున్నవాళ్లు బతికి తెలుసుకున్నవాళ్లే.

షీలానగర్ దాటాక రోడ్డు కాస్త విచ్చుకుంటుంది, అందరి వేగమూ పెరుగుతుంది. నేను ముందు బండికీ నాకూ మధ్య కొంత జాగా వదులుతాను. ఆ జాగాలోకి ఒక బైకు దూరుతుంది. మళ్లీ వెనక్కి తగ్గి జాగా చేసుకుంటాను, ఈసారి ఆటో దూరుతుంది. వెనకనుంచి హారన్ ఆగదు. ఎడమ అంచుకు పోదామంటే అక్కడ ఇసుక, ఆపి ఉంచిన లారీలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బళ్లు. కొత్తగా బండి తీసినవాళ్ల మీద ఈ హారన్ తెచ్చే ఒత్తిడి మామూలుది కాదు. చెవి దగ్గర ఎవరో తిడుతున్నట్టే ఉంటుంది, తెలియకుండానే యాక్సిలరేటర్ తిరుగుతుంది, జాగా మాయమవుతుంది. కంచరపాలెం దగ్గరో మద్దిలపాలెం దగ్గరో ఎవరో చెయ్యెత్తితే ముందున్న ఆటో ఉన్నచోటే ఆగుతుంది. ఆటో అతనిదీ బతుకే, ఆ సవారీ వదులుకుంటే ఇంకోడు ఎక్కించుకుంటాడు. ఆగడానికి వేరే చోటు మనం కట్టి ఇవ్వలేదు. ఆ క్షణంలో నన్ను కాపాడాల్సింది నా చేయీ నా కాలూ. వాటికి ముందే నేర్పి ఉండాలి, ఆలోచించి చేసే వ్యవధి ఉండదు.

వాన పడితే మరీను. తొలి వానకు రోడ్డు మీది నూనె పైకి తేలుతుంది, జీబ్రా గీతల మీదా మ్యాన్‌హోల్ మూతల మీదా చక్రం నిలవదు.

కొత్త బళ్లకు కొంత రక్షణ వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్, అంతకులోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. మొదటిది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. రెండోది ఒక బ్రేకు వేస్తే రెండో చక్రానికీ కొంత అందిస్తుంది. మంచి నిర్ణయం. కానీ నాన్న బండిలాంటి పాతవి లక్షల్లో తిరుగుతున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి మొదట వచ్చేది ఇంట్లో పడి ఉన్న ఆ పాత బండే. హెల్మెట్ సంగతి ఇక్కడ ఎక్కువ రాయను. బీఐఎస్ ముద్ర ఉన్నది, గడ్డం కింద పట్టీ బిగించి పెట్టుకోవాలి, వెనక కూర్చున్నవాళ్లూ పెట్టుకోవాలి. అందులో రెండో మాట లేదు. అయితే హెల్మెట్ పడ్డాక కాపాడుతుంది. నేను అడుగుతున్నది పడకముందు సంగతి.

పరీక్ష కష్టం చేస్తే పేదవాళ్లకు ఇబ్బంది అని నా సహోద్యోగి ఒకరు వాదించారు. బండి లేకపోతే ఉద్యోగం లేని కుర్రాళ్లున్నారు, భోజనం పార్సిళ్లు అందించేవాళ్లున్నారు, వాళ్లను నెలల తరబడి తిప్పుతారా అన్నారు. నాకు అందరికన్నా ఎక్కువ భయం ఆ కుర్రాళ్ల గురించే. లైసెన్సు చేతికొచ్చిన వారానికే వీపున పెట్టె కట్టుకుని, ఫోనులో నిమిషాలు చూసుకుంటూ పరుగెత్తుతారు. వాళ్లకు ఆగడం నేర్పకుండా పంపడం జాలి కాదు. నేర్పడానికి డబ్బూ అంత ఖర్చు కాదు. వంద మీటర్ల తిన్నని దారి, ఒక గీత, వేగం చూసే చిన్న పరికరం ఉంటే చాలు. నలభైలో వచ్చి గీత దగ్గర బ్రేకు వేసి, ఇంత దూరంలోపల, పడకుండా, జారకుండా ఆగాలి. ఆగాడో లేదో చుట్టూ నిలబడ్డ అందరికీ కనపడుతుంది. ఎనిమిదిలో కాలు తగిలిందా లేదా అన్న వాదనకన్నా ఇందులో పైరవీకి చోటు తక్కువ.

బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ పరీక్షలో గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చి అత్యవసరంగా ఆగి చూపించాలి. 1990 నుంచి అక్కడ కొత్తవాళ్లు ప్రాథమిక శిక్షణ పూర్తి చేయనిదే ఒంటరిగా రోడ్డెక్కడానికి లేదు. ఆ శిక్షణలో కనీసం రెండు గంటలు నేర్పేవాళ్లు వెంట ఉండగా రోడ్డు మీద నడపాలి. మనకన్నా ఎంతో తక్కువ మంది బైకులెక్కే దేశం ఇంత చేస్తే, ఇంతమంది బైకు మీదే బతికే మనం ఎంత చేయాలి?

రవాణా శాఖ అధికారులను నేను అడిగేది చిన్నది. పదిహేనో నిబంధనలో ఉన్నదాన్ని ట్రాక్ మీద పెట్టండి. లెర్నర్లకు నెలలో ఒక ఆదివారం ట్రాక్ తెరిచి, బ్రేకు వేయడం సాధన చేయనివ్వండి. నేర్పేవాళ్లను తప్ప ఎవర్నీ వెనక ఎక్కించుకోకూడదని లెర్నర్ లైసెన్సుకు ఇప్పుడున్న షరతు లైసెన్సు వచ్చాక కూడా కొన్నాళ్లు ఉంచండి. వెనక మనిషి కూర్చుంటే బండి ఆగే తీరే మారిపోతుంది. అది కొత్త చేతులకు తెలియదు.

అధికారులు కదిలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ఇంటి పెద్దల చేతిలో ఉంది. కొడుక్కో కూతురికో బండి తాళం ఇచ్చేముందు వాళ్లను ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లండి. నలభైలో వచ్చి, రెండు బ్రేకులూ వేసి, తిన్నగా ఆగి చూపించమనండి. ఒకసారి కాదు, చెయ్యికి అలవాటయ్యేదాకా. అప్పటిదాకా తాళం మీ దగ్గరే ఉంచుకోండి.